రాక్షసుడి తమ్ముడు

మనవరాలు తనను చూసి జడుసుకోవడానికి కారణం కొడుకే. చెన్నకేశవులు లెక్కలో ఇది తేలిపోయిన సంగతి. వాదించడానికి ఏమీ లేదు. సర్దిచెప్పే అర్హత ఎవరికీ లేదు.

కొడుకు మధుసూదన్ రాయదుర్గంలో, మెట్రో దిగగానే కనిపించే అద్దాల మేడల్లో ఒకదాంట్లో పనిచేస్తాడు. సినిమాలకు గ్రాఫిక్స్ చేసే ఆఫీసు. కూలే కోటలు, లేచే అలలు, ఎగిరే గుర్రాలు అన్నీ అక్కడ కంప్యూటర్లలోనే పుడతాయి. మధుసూదన్ వంతు రాక్షసులు. "అంత చదువు చదివి కడకు రాక్షసుల్ని చేసే పనికి కుదిరినాడు" అని తండ్రి ఒకసారి అన్నాడు. మెచ్చుకోలుగా అన్న మాట కాదు.

చెన్నకేశవులుది జమ్మలమడుగు దగ్గర పల్లె. భార్య పార్వతమ్మ పోయాక కొడుకు నార్సింగి ఫ్లాటుకు తీసుకొచ్చాడు. ఆ ఫ్లాటులో మాట్లాడే మనిషి తప్ప అన్నీ ఉన్నాయి. కోడలు స్వాతి ఎప్పుడూ చెవుల్లో ఏదో పెట్టుకుని ఆఫీసు వాళ్ళతో మాట్లాడుతూ ఉంటుంది. తనతోనే అనుకుని జవాబిచ్చి ఒకటి రెండుసార్లు భంగపడ్డాడు. ఆ తర్వాత జవాబివ్వడం మానుకున్నాడు.

ఇక మిగిలింది మనవరాలు లక్షిత. ఐదేళ్ళ పిల్ల. తాతను జేజినాయన అంటుంది. ముద్ద జేజినాయన చేతిదైతేనే నోరు తెరిచేది. బడి బస్సు దాకా జేజినాయన వేలు పట్టుకునే నడిచేది. ఆయన ఒళ్ళో ఎక్కి, మీసం కొసలు రెండు చేతులా పట్టుకుని, బండి నడిపినట్టు అటూ ఇటూ తిప్పేది. ఆ మీసం మీద ఇంకెవరైనా చెయ్యి వేసి ఉంటే చెన్నకేశవులు ఏం చేసేవాడో చెప్పలేం. పార్వతమ్మ పోయినప్పుడు కర్మ కొడుకు చేశాడు కాబట్టి అప్పుడు కూడా ఆ మీసం నిలిచింది.

కిందటి ఎండాకాలంలో మధుసూదన్ తండ్రిని ఆఫీసుకు తీసుకెళ్ళాడు. "కొత్త కెమెరాలు వచ్చినాయి నాయనా. ఎట్ల పనిచేస్తాయో చూడాల. కాసేపు కూర్చుంటే చాలు" అన్నాడు. చుట్టూ కెమెరాలు పెట్టిన కుర్చీలో కూర్చోబెట్టారు. ముఖమంతా నల్లచుక్కలు పెట్టారు. నవ్వమన్నారు. ఆ నవ్వు రావడానికి చాలాసేపు పట్టింది. కోపంగా చూడమన్నారు. దానికి ఏ కష్టమూ పడలేదు. పళ్ళు కొరకమన్నారు, కళ్ళు ఉరమమన్నారు. ఆఫీసులోని అమ్మాయిలు "సూపర్ అంకుల్" అన్నారు. టీ ఇచ్చి పంపించారు. నిజం చెప్పాలంటే ఆ రోజు చెన్నకేశవులు కాస్త సంతోషంగానే ఇంటికొచ్చాడు.

సినిమా విడుదలకు ముందు ఆఫీసు వాళ్ళ కుటుంబాల కోసం గచ్చిబౌలి మాల్‌లో ఒక ఆట వేశారు. ఆదివారం ఉదయం. హాలు నిండా పిల్లలే. సీట్ల మీద ఎగిరేవాళ్ళు, పాప్‌కార్న్ పారబోసేవాళ్ళు, ఇంకా తెర వెలగకముందే అరిచేవాళ్ళు. ముందు సీటు అడ్డం వస్తోందని లక్షితను చెన్నకేశవులు ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు.

కథ పిల్లలదే. ఒక ఊరికి సాధువు వస్తాడు. నున్నటి ముఖం, తియ్యటి మాటలు. పిల్లల్ని పాడుబడ్డ బావి దగ్గరికి తీసుకెళతాడు. అక్కడ బావిలోకి దూకుతాడు. నీళ్ళు కాగుతాయి. భూమి అదురుతుంది. కింద సీట్లు కూడా అదిరాయి. పిల్లలంతా ఊపిరి బిగబట్టారు. బావిలోంచి ముందు చెయ్యి వచ్చింది, తర్వాత జుట్టు, ఆ తర్వాత ముఖం.

మీసం పైకి తిప్పి ఉంది. ముందు పన్ను సగం విరిగి ఉంది. ముక్కు పక్కన పులిపిరి. సాధువు వేషం విడిచిన తాటిచెట్టు పొడుగు బ్రహ్మరాక్షసుడు బావి గట్టు మీద చెయ్యి ఆనించి హాల్లోకి చూశాడు. ఆ ముఖం, ఆ చూపు రెండూ చెన్నకేశవులువే.

హాలు ఈలలతో దద్దరిల్లింది. ఆఫీసు వాళ్ళు వెనక్కి తిరిగి ఆయన వైపు చేతులూపారు. ఆయనకు జన్మలో ఎవరూ ఈల వెయ్యలేదు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఛాతీ పొంగింది.

అంతలో ఒళ్ళోని పిల్ల కట్టెలా బిగిసిపోవడం తెలిసింది. లక్షిత తెరను చూసింది. మెడ వెనక్కి వంచి ఆయన ముఖం చూసింది. మళ్ళీ తెరను చూసింది. అప్పుడు వేసింది కేక. హాల్లో ఉన్న స్పీకర్లన్నీ కలిసినా అంత చప్పుడు చెయ్యలేదు.

"ఏం లేదు తల్లీ" అని ఆయన చేయి చాచి పట్టుకోబోయాడు. సరిగ్గా అప్పుడే తెర మీద రాక్షసుడు కూడా చేయి చాచి ఒక పిల్లవాణ్ణి పట్టుకున్నాడు. లక్షిత ఆయన చేయి కొరికింది. కిందికి దూకి, సీట్ల మధ్య పడుతూ లేస్తూ, గుమ్మం వైపు పరుగు తీసింది. స్వాతి వెనకాల పరుగెత్తింది. మిగతా సినిమా ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

ఇంటికొచ్చాక తండ్రీకొడుకులు హాల్లో నిలబడ్డారు.

"నన్ను అడిగినావా?"

"అడిగితే ఒప్పుకోవు కదా నాయనా."

"ఒప్పుకోనని తెలిసే చేసినావు."

"డైరెక్టరుకు ఎన్ని ముఖాలు చూపించినా నచ్చలే. నీది చూడంగానే ఇదే అన్నాడు. అట్లాంటి కోపం వేరే ఎవరి ముఖంలోనూ లేదంట."

మధుసూదన్ దాన్ని పొగడ్తగానే చెప్పాడు. చెన్నకేశవులు తన గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

ఆనాటి నుంచి లక్షిత ఆయన ఉన్న గదిలోకి రాలేదు. వరండాలో ఎదురుపడితే గోడకు అంటుకుపోయి, ఆయన చేతుల వంకే చూసేది, అవి ఎప్పుడు పెరుగుతాయో అన్నట్టు. అన్నం దగ్గర గొడవ. బస్సు దగ్గర గొడవ. ఆయన దగ్గితే పక్క గదిలో ఏడుపు.

మధుసూదన్ తనకు తెలిసిన మందు వేశాడు. లాప్‌టాప్ తెచ్చి కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ఇదంతా ఉత్తదేమ్మా. ఇదిగో, నాన్నే చేసినాడు. ఇక్కడ నొక్కితే మీసం పోతుంది. ఇక్కడ నొక్కితే చర్మం పోతుంది." చర్మం పోయింది. లోపల గీతల వల, అందులో రెండు కనుగుడ్లు. పిల్ల ఇల్లెగిరేలా ఏడ్చింది. "నాన్న జేజినాయన తోలు ఒలిచేసినాడు" అని తల్లికి చెప్పింది.

స్వాతి ఎక్కడెక్కడో చదివింది. "ఈ వయసు పిల్లలకు చెప్తే ఎక్కదంట మామా. కంటికి ఏది కనపడితే అదే నిజమంట" అంది. ఇంకా ఏదో చెప్పబోయింది గానీ చెవిలో ఎవరో పిలిచారు. చెన్నకేశవులు ఆ సగం మాటే పట్టుకుని కూర్చున్నాడు. కంటికి కనపడేదే నిజం.

ఈలోపు సినిమా పోస్టర్లు మెట్రో స్తంభాలకు ఎక్కాయి. అపార్ట్‌మెంటు మొత్తం తెలిసిపోయింది. నార్సింగిలో పుట్టి పెరిగి, సొంత పొలం మీద లేచిన ఆ అపార్ట్‌మెంటులోనే ఫ్లాటు తీసుకున్న రామచంద్రం, సాయంత్రం బెంచీ మీద ఆయన పక్కన కూలబడ్డాడు.

"ఏంది కేశవులన్నా, సిన్మల యాక్ట్ చేసినవంట. మాకు ఒక్క మాట చెప్పవా?"

"నేనేం యాక్ట్ చెయ్యలే."

"నాకు చెప్తవా? పిల్లర్ మీద నీ మూతి ఇంత పెద్దగుంది. మా మనవడు మొన్నటిదాంక అన్నం తినకుంట సతాయిస్తుండె. ఇప్పుడు పై ఫ్లోర్ తాతను పిలుస్తనంటే గిన్నె గూడ నాకుతుండు. నీ పుణ్యం."

"మా పాప అన్నం తినడం లేదు" అన్నాడు చెన్నకేశవులు.

రామచంద్రం నవ్వు ఆపేశాడు. "జర ఓపిక పట్టు. మరిచిపోతది."

ఓపిక పట్టడానికి టైము లేదు. ఆ సాయంత్రమే కొడుకు గదిలోంచి కోడలి మాట వినబడింది. "రోజూ మీటింగులు వదిలి రాలేను మధూ. సోమవారం నుంచి డే కేర్‌లో వేద్దాం. బడి నుంచి అక్కడికే పోతుంది. మనం వచ్చేటప్పుడు తెచ్చుకుంటాం." కొడుకు కాదనలేదు.

పొద్దున్నే బడికి పోయి, చీకటిపడ్డాక ఇంటికొచ్చి, తలుపేసుకుని పడుకునే పిల్ల. ఇక ఆ ఇంట్లో తనకేం పని? చెన్నకేశవులు మరుసటి ఉదయం చెప్పులేసుకుని బయల్దేరాడు. కంటికి కనపడేది తీసేస్తే సరి. ఆయన ఆలోచన అంతే.

మంగలి కుర్చీలో కూర్చుని "మీసం తియ్యి" అన్నాడు. మంగలి కత్తెర ఆపాడు.

"ఎవరు పోయిన్రు పెద్దసారు?"

"ఎవరూ పోలే."

"మరి?"

"తియ్యమంటే తియ్యి."

ఆ వయసు మనిషి మీసం తీశాడంటే ఇంట్లో పెద్దవాళ్ళెవరో పోయినట్టే. కడపలోనైనా అంతే, ఇక్కడైనా అంతే. ఆ మాట చెన్నకేశవులుకు తెలియక కాదు. ఊరు కాని ఊరు, ఇక్కడెవడు చూస్తాడులే అనుకున్నాడు. అదే ఆయన చేసిన పొరపాటు. మంగలి మోగుతున్న పాటలు ఆపాడు. మెల్లగా నీళ్ళు చల్లాడు. కర్మ రోజు చేసినంత మర్యాదగా ఆ పని ముగించాడు. చెన్నకేశవులు అద్దంలోకి చూడకుండా లేచాడు. పై పెదవికి గాలి చల్లగా తగిలింది.

గేటు దగ్గర వాచ్‌మన్ రవీందర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఎవరు సార్?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎవరేంది?" అని చెన్నకేశవులు ఆగకుండా నడిచాడు. పాపం, మాట గూడ వస్తలేదు అనుకున్నాడు రవీందర్. లిఫ్టు పైకి పోయేలోపు రామచంద్రానికి చెప్పాడు. రామచంద్రం తన భార్య సక్కుబాయికి చెప్పాడు. సక్కుబాయి ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఆ గ్రూపులో ప్రొద్దుటూరు ఆమె ఒకతి ఉంది. ఆమె తన ఊరికి ఫోన్ చేసింది. ఆ ఊళ్ళో చెన్నకేశవులు చెల్లెలు పద్మావతి ఉంది.

ఇవేవీ తెలియని చెన్నకేశవులు మధ్యాహ్నం బడి బస్సు వేళకు గుమ్మంలో నిలబడ్డాడు. ఉతికిన పంచె, నున్నటి మూతి. గుండె దడదడ కొట్టుకుంటోంది. పెళ్ళిచూపులకు పోయిన నాడు కూడా అంత దడ లేదు.

లిఫ్టు తెరుచుకుంది. తల్లి చేయి పట్టుకుని లక్షిత బయటికొచ్చింది. ఆగింది. చూసింది. చెన్నకేశవులు నవ్వాడు. ఈసారి నవ్వు దానంతటదే వచ్చింది.

"వేషం మార్చుకున్నాడు" అంది లక్షిత.

నున్నటి ముఖం సాధువును ఆయన మరిచిపోయాడు. పిల్ల మరిచిపోలేదు. తల్లి చేయి విడిపించుకుని, ఆయన పక్కనుంచి బాణంలా లోపలికి దూరి, స్నానాలగదిలోకి పోయి గడియ పెట్టుకుంది.

"లక్షితా, గడియ తియ్యి."

"నేను తియ్యను. మీరంతా పోండి. ఆయన బావి దగ్గరికి తీసుకపోతాడు."

స్వాతి తలుపు కొడుతోంది. లోపల కుళాయి తిప్పిన చప్పుడు. అంతలో బెల్లు మోగింది. చెన్నకేశవులు పోయి తలుపు తీశాడు. రామచంద్రం, సక్కుబాయి. చేతుల్లో నాలుగు గిన్నెల క్యారియరు, ముఖాల్లో దుఃఖం. వెనక మెట్ల మీద ఇంకా మనుషులు. చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, ఎవరికి తోచింది వాళ్ళు వండుకొచ్చారు. చెప్పులు విడిచి లోపలికొచ్చి, తలలు వంచుకుని వరసగా కూర్చున్నారు. సోఫా నిండింది. తర్వాత నేల నిండింది.

"మీరంతా ఎందుకు వచ్చినారు?" అన్నాడు చెన్నకేశవులు.

"గట్ల అనకు అన్నా. మేం లేమా నీకు?" అని సక్కుబాయి కొంగు కళ్ళకద్దుకుంది.

ఫోను మోగింది. పద్మావతి. హలో అనకముందే ఏడుపు. "అన్నా, ఎవరు పోయినారు? మధు బాగుండాడా? ఎవరూ చెప్పడం లేదే." ఆమె అప్పటికే మధుసూదన్‌కు చేసి ఇట్లాగే ఏడ్చింది. ఆ ఏడుపులో మధుసూదన్‌కు అర్థమైంది ఒకటే, తండ్రికి ఏదో అయింది. రాయదుర్గం నుంచి అడ్డదారుల్లో బండి తోలుకుని వచ్చాడు. హెల్మెట్ తియ్యకుండానే ఇంట్లోకి పరుగెత్తాడు. నేల నిండా జనం. వాళ్ళను దాటుకుంటూ వచ్చి, స్నానాలగది ముందు నిలబడి ఉన్న తండ్రిని చూశాడు.

"నాయనా" అన్నాడు. హెల్మెట్ తీశాడు. "నీ మీసం ఏది?"

"నిన్నే అడగాల" అన్నాడు తండ్రి.

సక్కుబాయి తలుపు దగ్గర కూర్చుంది. నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి. చెవి తలుపుకు ఆనించి మెల్లగా పిలిచింది. "బిడ్డా, బయటికి రా. మీ తాత మస్తు దుఃఖంల ఉన్నడు."

కుళాయి ఆగింది. "ఎందుకు?"

"దగ్గరోళ్ళెవరో పోయిన్రు బిడ్డా. గందుకే మీసం తీసిండు. అన్ననో, నాయననో పోతెనే తీస్తరు. ఉత్తగ తియ్యరు."

గడియ జరిగి తలుపు ఓరగా తెరుచుకుంది. సందులోంచి ఒక కన్ను కనిపించింది.

"రాక్షసుడు సచ్చిపోయినాడా?"

ఆ పిల్ల సినిమా సగంలో లేచి పరుగెత్తింది. హీరో చేతిలో రాక్షసుడు చచ్చే ఘట్టం చూడనేలేదు. ఆమె లెక్కలో వాడు ఇంకా ఎక్కడో తిరుగుతూనే ఉన్నాడు. ఈ నార్సింగిలోనే, ఈ ఇంట్లోనే.

కన్ను చెన్నకేశవులు మీదికి తిరిగింది. "నీ మాదిరే ఉన్నాడు కదా. నీకంటే చాలా పెద్దోడు కదా. మీ అన్నా?"

మధుసూదన్ నోరు తెరిచాడు. కంప్యూటరు గురించి, కెమెరాల గురించి మళ్ళీ మొదలుపెట్టబోయాడు. తండ్రి చెయ్యెత్తి ఆపాడు. చుట్టూ ఇరవైమంది. అందరూ ఆయన నోటి వైపే చూస్తున్నారు. జన్మలో అబద్ధమాడని మనిషి అని ఊళ్ళో పేరు. ఆ పేరు కోసమే ఎందరితోనో తగువు పెట్టుకున్నాడు.

"అవును" అన్నాడు చెన్నకేశవులు. "మా అన్న."

"సచ్చిపోయినాడా?"

"సచ్చిపోయినాడు."

"నిజంగా?"

"మీసం తీసినా కదా."

విషయం మొదట ఎక్కింది రామచంద్రానికి. కండువా నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగాడు. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. పాపం, ఎంత కుమిలిపోతుండు అనుకుని పక్కాయన అతని వీపు నిమిరాడు.

తలుపు తెరుచుకుంది. లక్షిత తడిసిన గౌనుతో బయటికొచ్చింది. ఒక అడుగు వేసి ఆగింది. ఇంకో అడుగు. చెన్నకేశవులు కదల్లేదు. ఊపిరి కూడా మెల్లగానే తీశాడు. నేల మీద కూర్చుంటే మేలనుకుని, గోడ పట్టుకుని నెమ్మదిగా కూర్చున్నాడు. పిల్ల దగ్గరికొచ్చి, వేలుతో ఆయన పై పెదవి ముట్టుకుని, చప్పున తీసేసుకుంది. ఏమీ కాలేదు. ఈసారి అరచెయ్యి పెట్టింది.

"ఏడుస్తాండావా?"

"లేదు."

"ఏడవొద్దు. చెడ్డోడు కదా, పిల్లల్ని పట్టుకుంటాడు." చెయ్యి తియ్యకుండానే మళ్ళీ అంది. "అయినా మీ అన్న కదా. కొంచెం ఏడ్చుకో."

ఇంటి నిండా జనం. చెన్నకేశవులు తల దించుకున్నాడు. పార్వతమ్మ పోయినప్పుడు కూడా జనంలో తడవని కళ్ళు అవి. ఇప్పుడు తడిశాయి, ఎవరి కోసమో ఆయనకే తెలియదు. పిల్ల ఆయన ఒళ్ళో కూర్చుని తడి గౌనుతో కళ్ళు తుడిచింది.

సక్కుబాయి క్యారియరు విప్పింది. పప్పు కలిపిన అన్నం విస్తట్లో పెట్టి ముందుంచింది. "తిను అన్నా. పొద్దటిసంది ఏం తినలేదు నువ్వు." చెన్నకేశవులు ముద్ద కలిపాడు. నోటి దాకా తేకముందే పక్కన ఇంకో నోరు తెరుచుకుని ఉంది. ముద్ద అందులో పెట్టాడు. లక్షిత నమిలింది. మళ్ళీ నోరు తెరిచింది. స్వాతి ఫోను పక్కన పెట్టి గోడకు ఆనుకుని చూస్తూ ఉండిపోయింది.

జనం ఒక్కొక్కరే లేచారు. రామచంద్రం అందరికంటే చివర, గుమ్మం దగ్గర, కళ్ళు తుడుచుకుంటూ వంగి అడిగాడు. "కేశవులన్నా, మరి పెద్దాయన దినాలు ఎప్పుడు? భోజనాలకు బావినే బుక్ చేస్తమా?"

"పో" అన్నాడు చెన్నకేశవులు.

డే కేర్ మాట సోమవారం ఎవరూ ఎత్తలేదు. లక్షిత జేజినాయన వేలు పట్టుకునే బస్సు దగ్గరికి పోయింది. దారిలో కనిపించిన పిల్లలందరికీ చెప్పింది, మా జేజినాయన వాళ్ళ అన్న సచ్చిపోయినాడు, మా జేజినాయనకు బాధగా ఉంది, ఎవరూ ఆయనను చూసి పరుగెత్తొద్దు అని. పిల్లలు పరుగెత్తడం మానేశారు. ఒకడు చాక్లెట్ ఇచ్చాడు. ఆయన తీసుకున్నాడు.

కొడుకుతో మాత్రం మాట కలపలేదు. మధుసూదన్ రెండు రోజులు వెనకాల తిరిగి, మూడో రోజు కాఫీ గ్లాసుతో గదిలోకి వచ్చాడు. "నాయనా, తప్పయింది. కానీ పాపకు ఎప్పుడో ఒకనాడు నిజం చెప్పాల కదా. పెద్దయినాక నవ్వుకుంటుంది. అప్పుడు నువ్వే చెప్పు, బాగుంటుంది."

చెన్నకేశవులు గ్లాసు అందుకోలేదు.

"చెప్పేది లేదు. దానికీ లేదు, ఎవరికీ లేదు. ఈ సంగతి నా ముందర ఇంకోసారి ఎత్తితే ఆ రోజే జమ్మలమడుగు బస్సెక్కుతా."

సాయంత్రం పద్మావతి మళ్ళీ ఫోన్ చేసింది. ఎవరు పోయినారో చెప్పు అన్నా, తెలీకపోతే నాకు అన్నం సయించడం లేదు అంది. ఆయన ఆమె మాట పూర్తిగా విన్నాడు.

"పద్దమ్మా, వేరే ఏమన్నా ఉంటే మాట్లాడు. అది మాత్రం అడగొద్దు. నేను బతికినంతకాలం చెప్పను" అని ఫోను పెట్టేశాడు.